పచ్చని గోడ గిట్టుబాటు అవుతుందా?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న ఆర్కిటెక్చర్, ఇంజనీరింగ్ విద్యార్థులకు నమస్కారం.

నిర్వాహకులు నాకు అప్పగించిన ప్రశ్న సూటిగా ఉంది. భవనం గోడల మీద మొక్కలు పెంచితే పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా, రాదా? భవనాల అంచనాలు వేయడమే నా వృత్తి కనుక, అవుననో కాదనో ఒక ముక్క చెప్పి కూర్చుంటానని వారు అనుకుని ఉండవచ్చు. అలా చెప్పడం కుదరదు. 'పచ్చని గోడ' అనే ఒక్క పేరు కింద ఖర్చులో పది, ఇరవై రెట్ల తేడా ఉన్న రెండు వేర్వేరు వస్తువులను మనం కలిపి మాట్లాడుతున్నాం. ముందు వాటిని విడదీయకపోతే ఈ చర్చ ఎంతసేపు సాగినా తేలదు.

మొదటిది తీగ గోడ. ఇందులో మొక్క వేరు నేలలోనే ఉంటుంది. ఐవీ, వర్జీనియా క్రీపర్ వంటి తీగ గోడనే పట్టుకుని పాకుతుంది, లేదా గోడకు కాస్త ఎడంగా బిగించిన ఉక్కు తీగల మీదుగా, వలల మీదుగా ఎక్కుతుంది. రెండవది నిలువు తోట. గోడకు చట్రం బిగించి, దానికి ఫెల్టు అనే మందపాటి గుడ్డ పొరలు గానీ ప్లాస్టిక్ పెట్టెలు గానీ అమర్చి, వాటిలో వందలాది చిన్న మొక్కలు నాటి, గొట్టాల ద్వారా నీటిని, ఆ నీటిలోనే ఎరువును అందిస్తారు. ఇలాంటి కట్టడానికి అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉద్యాన రూపకల్పన బోధించిన స్టాన్లీ హార్ట్ వైట్ 1938లోనే పేటెంట్ పొందారు. దానికి ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చినది మాత్రం ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు పాట్రిక్ బ్లాంక్. మాడ్రిడ్‌లోని కైషా ఫోరం కళాకేంద్రం పక్కన 2007లో ఆయన రూపొందించిన గోడ 24 మీటర్ల ఎత్తున, దాదాపు 15,000 మొక్కలతో నిలిచి ఉంది. మన భాషలో 'నేల విడిచి సాము' అని ఒక మాట ఉంది. నిలువు తోట అక్షరాలా అదే పని చేస్తుంది. నేల ఉచితంగా చేసిపెట్టే పనులన్నిటినీ, అంటే నీటిని పట్టి ఉంచడం, ఎరువును నిల్వ చేయడం, వేళ్లను వేడి నుంచి కాపాడడం వంటివన్నీ, ఇక్కడ పంపు, టైమర్, మనిషి కలిసి జీతం తీసుకుని చేయాలి.

ఖర్చు అంకెలు చూద్దాం. ఐరోపా పరిశోధకులు 2011 ప్రాంతంలో సేకరించిన ధరల ప్రకారం, నేరుగా గోడ మీద పాకే తీగకు చదరపు మీటరుకు 30 నుంచి 45 యూరోలు, ఆధారపు వలల మీద పాకించేదానికి 40 నుంచి 75 యూరోలు అయ్యేవి. ఫెల్టు పొరల నిలువు తోటకు 350 నుంచి 750, ప్లాస్టిక్ పెట్టెల పద్ధతికి 400 నుంచి 600, నురుగు పలకల పద్ధతికి 750 నుంచి 1,200 యూరోల దాకా అయ్యేవి. ధరలు అప్పటికీ ఇప్పటికీ మారాయి, దేశాన్ని బట్టి ఇంకా మారతాయి. కానీ ఈ రకాల మధ్య ఉన్న నిష్పత్తి మారడానికి పెద్ద కారణం లేదు. 2013లో కాత్యా పెరిని, పావోలో రొజాస్కో అనే పరిశోధకులు ఇటలీలోని జెనోవా నగరపు భవనాన్ని ఉదాహరణగా తీసుకుని ఖర్చులు, లాభాలు బేరీజు వేశారు. తీగ గోడల్లో కొన్ని గిట్టుబాటు అవుతాయనీ, నిలువు తోట మాత్రం ఏర్పాటు ఖర్చు, నిర్వహణ ఖర్చు రెండూ ఎక్కువ కావడం వల్ల గిట్టదనీ వారు తేల్చారు. నా అనుభవం కూడా దాదాపు అదే చెబుతుంది. అలా ఎందుకు అవుతుందో తెలుసుకోవడానికి లెక్కను మన చేతులతోనే ఒకసారి కట్టి చూడాలి.

కరెంటు ఆదాతో మొదలుపెడదాం, ఎందుకంటే అమ్మేవారు మొదట చూపించేది అదే. సింగపూర్‌లోని హార్ట్‌పార్క్ అనే ఉద్యానవనంలో ఎనిమిది రకాల పచ్చని గోడలను పక్కపక్కన నిలబెట్టి కొలిచినప్పుడు, అన్నిటికన్నా బాగా పనిచేసిన రకంలో గోడ ఉపరితలపు వేడి అత్యధికంగా 11.58 డిగ్రీలు తగ్గింది. ఇది 2010లో అచ్చయిన ఫలితం, నిజమైన కొలత. పత్రికల్లో దీన్ని చదివినవారు గది లోపల పదకొండు డిగ్రీలు తగ్గుతుందనుకుంటారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. తగ్గేది గోడ బయటి చర్మపు వేడి. అందులో ఎంత మేలు లోపలికి చేరుతుందన్నది గోడ కట్టుబడిని బట్టి ఉంటుంది.

ఉష్ణ నిరోధక పొర ఏదీ లేని మామూలు ఇటుక గోడను తీసుకోండి. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే, దానిలోంచి చదరపు మీటరుకు సుమారు రెండు వాట్ల వేడి దూరుతుంది. మొక్కల పుణ్యమా అని గోడ బయటి వేడి పది డిగ్రీలు తగ్గిందనీ, ఆ తగ్గుదల రోజుకు ఎనిమిది గంటలు నిలిచిందనీ ఉదారంగానే ఒప్పుకుందాం. చదరపు మీటరుకు రోజుకు 160 వాట్ అవర్ల వేడి లోపలికి రాకుండా ఆగుతుంది. ఏసీ ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడిని బయటికి తోస్తుంది కాబట్టి, మిగిలే కరెంటు రోజుకు 53 వాట్ అవర్లు. వేసవిలో నూరు రోజులకు కలిపితే ఐదు యూనిట్ల పైచిలుకు. యూనిట్ పావు యూరో అనుకుంటే ఏడాదికి ఒక యూరో ముప్పై సెంట్లు. చదరపు మీటరుకు 35 యూరోలు పెట్టిన తీగ గోడకు ఈ ఒక్క పద్దుతోనే పాతికేళ్లు దాటాక అసలు దక్కుతుంది. 500 యూరోలు పెట్టిన నిలువు తోటకైతే నిర్వహణను లెక్కలోకి తీసుకోకపోయినా మూడు వందల డెబ్బై ఏళ్లు కావాలి. గోడకు ఇదివరకే మంచి నిరోధక పొర ఉంటే, దానిలోంచి దూరే వేడి ఆరేడు రెట్లు తక్కువ కనుక ఆదా కూడా అంతే తగ్గి ఏడాదికి ఒక యూనిట్ లోపే ఉంటుంది. కొత్తగా, నిబంధనల ప్రకారం కట్టిన భవనానికి కరెంటు బిల్లు తగ్గుతుందన్న కారణం చూపి నిలువు తోటను అమ్మడం, చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడమే.

మరి ఆ మొక్కలు చల్లబరచడం లేదా అంటే, చల్లబరుస్తున్నాయి, అదీ బలంగానే. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.68 యూనిట్ల వేడిని తనతో తీసుకుపోతుంది. చదరపు మీటరు ఆకుల నుంచి వేసవి రోజున మూడు లీటర్లు ఆవిరయ్యాయనుకుంటే, అది రెండు యూనిట్ల వేడి. ఇప్పుడే మనం కట్టిన లెక్కలో ఇంటి యజమాని గదుల్లోకి రాకుండా ఆగిన వేడి 0.16 యూనిట్లు, అంటే పన్నెండో వంతు. మిగతా పదకొండు వంతుల చల్లదనం ఎటు పోయింది? ఎదుటి కాలిబాటకు, పక్కవాడి కిటికీకి, వీధి గాలికి పోయింది. ఆ గోడ లేకుంటే ఎండ వేడి రాతికి, సిమెంటుకు ఎక్కి రాత్రిదాకా వీధిని కాల్చేది. ఈ ఒక్క నిష్పత్తి మీరు గుర్తుపెట్టుకుంటే నేను ఇక్కడికి వచ్చిన పని సగం అయినట్టే. నీటి బిల్లు యజమాని కడతాడు, ఆ నీరు తీసుకుపోయే వేడిలో ఎక్కువ భాగపు లాభం వీధికి చెందుతుంది.

వీధికి చెందే లాభాలు ఇంకా ఉన్నాయి. ఆకులు దుమ్మును పట్టుకుంటాయి, చప్పుడును కొంత మింగుతాయి. ఎత్తైన భవనాల మధ్య ఇరుకు వీధుల్లో గోడలను మొక్కలతో కప్పితే నైట్రోజన్ డయాక్సైడ్ 40 శాతం వరకు, సన్నని ధూళి 60 శాతం వరకు తగ్గవచ్చునని బ్రిటన్ పరిశోధకులు 2012లో కంప్యూటర్ నమూనాతో చూపారు. 'వరకు' అన్న మాటను దయచేసి మింగేయకండి. గాలి కదలని రోజున, గోడలు చాలామేరకు పచ్చగా ఉన్నప్పుడు, నమూనాలో వచ్చిన అత్యధిక అంకెలు అవి. ఒక్క భవనం ఒక్క గోడకు వాటిని అంటించి గాలి శుద్ధికి డబ్బు విలువ కట్టిన నివేదికలు నా బల్ల మీదికి వస్తుంటాయి. ఆ పుట తిప్పేస్తాను.

ఇక నిర్వహణ. నేను ఎక్కువసేపు ఆగదలచిన చోటు ఇదే. కొన్నేళ్ల క్రితం ఒక కార్యాలయ భవనపు నిలువు తోటను చూడమని నన్ను పిలిచారు. కట్టి మూడేళ్లయింది. దూరం నుంచి చూస్తే పై మూలన గోధుమరంగు మచ్చ ఒకటి, దుప్పటికి పడిన చిల్లులా కనిపించింది. బుట్ట క్రేనులో పైకి వెళ్లి చూశాను. డ్రిప్ గొట్టం రంధ్రాల చుట్టూ ఉప్పు తెల్లగా, గోరుతో గీస్తే పొలుసులుగా రాలేలా పేరుకుపోయి ఉంది. నీటిలో కలిపిన ఎరువు, నీటిలో సహజంగా ఉన్న లవణాలు కలిసి చేసిన పని అది. పది రంధ్రాలలో నాలుగు మూసుకుపోయాయి. పై వరుస ఎండిపోతుంటే, కింది వరుసలో నీరు ఎక్కువై వేళ్లు కుళ్లుతున్నాయి. గొట్టం మీటరు ధర ఎంతని అడిగితే చాలా చిన్న మొత్తమే చెప్పారు. కానీ దాన్ని మార్చడానికి క్రేను అద్దె, ఇద్దరు శిక్షణ పొందిన మనుషులు, కాలిబాట మూయడానికి అనుమతి, చచ్చిన మొక్కల స్థానంలో అదే సైజువి కొత్తవి కావాలి. గొట్టం ధరకు నలభై రెట్లు తేలింది. వారి అంచనా పత్రంలో నిర్వహణ అన్న వరుస ఎదుట 'అవసరాన్ని బట్టి' అని రాసి ఉంది. అవసరం రోజూ ఉంటుందని ఎవరూ వారికి చెప్పలేదు.

గొట్టాలు ఏడెనిమిదేళ్లకొకసారి మార్చవలసి వస్తుందనీ, ఫెల్టు పలకల ఆయుష్షు పదేళ్లనీ, ఏటా పదో వంతు మొక్కలు తిరిగి నాటవలసి ఉంటుందనీ ఈ రంగంలో లెక్క కట్టేవారు సాధారణంగా అనుకుంటారు. భవనం ఆయుష్షు యాభై ఏళ్లనుకుంటే, ఫెల్టు గోడను ఒకసారి కాదు, ఐదు సార్లు కొంటున్నామన్నమాట. లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో ఒక పిల్లల కేంద్రానికి 2006లో కట్టిన పచ్చని గోడ 2009 నాటికే ఎండిపోయి వార్తలకెక్కింది. ఎండిన గోడ విలువ సున్నా కాదు, సున్నా కన్నా తక్కువ. దాన్ని విప్పి పారవేయడానికి మళ్లీ డబ్బు పెట్టాలి. పైగా ఎండిన మొక్కలు, ప్లాస్టిక్ పెట్టెలు అగ్గికి ఆహుతి అయ్యే సరుకు. 2018 జూన్‌లో అదే నగరంలో ఒక పేరున్న హోటల్లో మరమ్మతులు జరుగుతుండగా రేగిన మంటలు మొక్కల గోడ మీదుగా పాకిన తరువాత, బీమా కంపెనీలు అడిగే ప్రశ్నలు పెరగడంలో వింత లేదు.

నిర్వహణ ఎవరి చేతిలో ఉండాలన్నదానికి రెండు భవనాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఇవి సరిగ్గా పచ్చని గోడలు కావు, బాల్కనీల తోటలు. కానీ పాఠం ఒకటే. మిలాన్‌లో ఆర్కిటెక్టు స్తెఫానో బోయెరి రూపొందించిన 'బోస్కో వెర్తికాలె' జంట భవనాలు 2014లో పూర్తయ్యాయి. సుమారు 800 చెట్లు ఉన్నాయి. అక్కడ ఫ్లాటు కొన్నవారికి తమ బాల్కనీ చెట్టును కత్తిరించే పని ఉండదు. మొత్తం భవనానికి ఒకే నిర్వహణ ఒప్పందం ఉంటుంది. చెట్లెక్కడంలో ఆరితేరిన తోటమాలులు పైకప్పు నుంచి తాళ్లతో వేలాడుతూ దిగి కొమ్మలు సరిచేస్తారు. ఆ ఖర్చు అందరి నెలవారీ రుసుములో కలుస్తుంది. చైనాలోని చెంగ్డూలో 826 ఫ్లాట్లతో, ప్రతి బాల్కనీలో మొక్కలతో 2018లో కట్టిన సముదాయం సంగతి వేరు. ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయినా, 2020 సెప్టెంబరు నాటికి పది కుటుంబాలే కాపురానికి వచ్చాయనీ, పట్టించుకునేవారు లేక మొక్కలు అడవిలా అల్లుకుపోయి దోమలు ముసురుకున్నాయనీ వార్తలు వచ్చాయి. మొదటి దానిలో ఖర్చు ఎక్కువ కానీ కనిపించే ఖర్చు. రెండవ దానిలో ఆ ఖర్చును ఎవరి పేరా రాయలేదు.

గోడకు మొక్క మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది ప్రతి సభలోనూ వచ్చే ప్రశ్న. ఇంగ్లండ్‌లో పాత కట్టడాలను సంరక్షించే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ కోరగా ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన హీథర్ వైల్స్ బృందం ఐవీ అల్లుకున్న పాత రాతి గోడలను పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించింది. పగటి వేడి, రాత్రి చలి గోడకు తగలకుండా ఆకులు దుప్పటిలా అడ్డుపడతాయని వారు గమనించారు. అంటే రాయి, గార రోజూ సాగి ముడుచుకోవడం తగ్గుతుంది. అయితే గోడలో ఇదివరకే పగులు ఉంటే తీగ వేరు అందులో దూరి దాన్ని పెద్దది చేస్తుంది. గట్టి గోడకు మొక్క గొడుగు, బీటలు వారిన గోడకు గునపం. కనుక తీగ పాకించే ముందు గోడ మరమ్మతుకు పెట్టే ఖర్చును మొక్క ఖాతాలోనే రాయాలి. ఆ తరువాత రంగులు, పూతలు వాయిదా పడడం వల్ల మిగిలేది కూడా మొక్క ఖాతాలోనే జమ చేయాలి. ప్రతి పూతకూ పరంజా కట్టవలసిన ఎత్తైన గోడలకు ఈ ఆదా కరెంటు ఆదాను మించుతుంది. తీగ గోడ గిట్టుబాటు కావడానికి అసలు కారణం చాలాచోట్ల ఇదేనని నా అభిప్రాయం.

ఆస్తి విలువ పెరుగుతుంది కదా అంటారు. పెరగవచ్చు. పెరిని, రొజాస్కో కూడా తమ లాభాల పట్టికలో దానికి చోటిచ్చారు. నా అభ్యంతరం రెండు విషయాల మీద. పచ్చని గోడ వల్ల అద్దె పెరుగుతుందని చూపే అంకెలు తరచూ పార్కుల పక్కన ఉన్న ఇళ్ల నుంచో, వీధి చెట్ల నుంచో అరువు తెచ్చినవి. పార్కులో నడవవచ్చు, గోడలో నడవలేం. రెండవది, అద్దెకు వచ్చేవాడు ఎక్కువ ఇస్తున్నది చల్లదనానికి, తగ్గే కరెంటు బిల్లుకు అయితే, ఆ ఆదాను ఒక వరుసలో, పెరిగిన అద్దెను మరో వరుసలో రాయడం ఒకే రూపాయిని రెండు జేబుల్లో లెక్కపెట్టడం. అలాగని అందానికి విలువ లేదనడం లేదు. హోటల్ ముఖద్వారానికి, దుకాణం ముంగిటకు నిలువు తోట కట్టేవారు అది ప్రకటన ఖర్చు అని తెలిసే కడతారు. వారితో నాకు పేచీ లేదు. ప్రకటనను పొదుపుగా రాసినప్పుడే పేచీ.

లాభం వీధిదీ, ఖర్చు యజమానిదీ అయినప్పుడు ప్రభుత్వం మధ్యలోకి రావడం న్యాయమే. సింగపూర్ నేషనల్ పార్క్స్ బోర్డు 2009లో మొదలుపెట్టిన పథకం కింద పైకప్పు తోటలకు, నిలువు తోటలకు ఏర్పాటు ఖర్చులో సగం వరకు భరించింది. ఉద్దేశం మంచిదే. అయినా నన్నడిగితే, రాయితీ అంతా గోడ కట్టిన రోజున చేతిలో పెట్టడం కన్నా, అందులో కొంత భాగాన్ని ఐదో ఏట, పదో ఏట గోడ పచ్చగా ఉందని చూశాక ఇవ్వడం మేలు. కట్టడానికి డబ్బిస్తే కట్టేవారు పెరుగుతారు. పెంచడానికి డబ్బిస్తే తక్కువ ఖర్చుతో బతికే మొక్కను ఎంచుకునేవారు పెరుగుతారు, అంటే మళ్లీ నేలలో వేరున్న తీగ దగ్గరికే వస్తారు.

ఆ తీగకూ ఒక లోపం ఉంది, దాన్ని దాచడం బాగుండదు. నిలువు తోట కట్టిన నాడే పచ్చగా ఉంటుంది, తీగ ఏళ్లు తీసుకుంటుంది. ఏటా 5 శాతం వడ్డీతో లెక్క కడితే, పదేళ్ల తరువాత వచ్చే నూరు యూరోల లాభం ఈనాటి 61 యూరోలతో సమానం, ఇరవై ఏళ్ల తరువాతదైతే 38తో సమానం. ఆలస్యానికి ధర ఉంది. అందుకే తీగ గోడల లెక్కలో మొదటి సంవత్సరం నుంచే పూర్తి లాభం రాసిన పట్టికను చూస్తే నాకు నవ్వు వస్తుంది.

ఇందాక చెప్పిన కార్యాలయ భవనం వారు చివరికి నిలువు తోటను ముఖద్వారం మీద ఆరు మీటర్ల మేర మాత్రమే ఉంచుకుని, దానికి ఏటా నిర్వహణ ఒప్పందం రాసుకున్నారు. మిగతాది విప్పేశారు. మధ్యాహ్నపు ఎండంతా తగిలే పడమటి గోడకు ఉక్కు తీగలు బిగించి, కింద నేల తవ్వి, శీతకాలంలో ఆకు రాల్చే తీగ మొక్కలు నాటారు, చలికాలపు ఎండ గోడకు తగలనివ్వాలని. ఇది నాలుగో వేసవి. మొన్న వెళ్లి చూస్తే కొస రెమ్మలు మూడో అంతస్తు కిటికీ అంచుకు చేరాయి. భవనానికి ఆరు అంతస్తులు. నా పట్టికలో పై మూడు అంతస్తుల గడులు ఇంకా సున్నాలే.